ఐదూ ఇరవయ్యారుకి వెనక్కి వెళ్ళిన ఫిల్మ్

ఎమ్మెట్ ప్రుషిన్‌స్కీ గుండె మంగళవారం ఉదయం ఐదు గంటల ఇరవై ఒక్క నిమిషానికి ఆగిపోయింది. నిమిషంతో సహా చెప్పగలుగుతున్నానంటే కారణం అతని డాక్టరు. గుండెదడ అని వెళితే, పోయిన బుధవారం అతని ఛాతీ మీద బిళ్ళలాంటి చిన్న యంత్రం అంటించి, రెండు వారాలు తీయొద్దని చెప్పి పంపాడు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అది రాసుకుంది. ఆఖరిసారి కూడా రాసుకుని, ఇంటర్నెట్‌లో డాక్టరుకి పంపింది.

ఎమ్మెట్ టొలీడో పైలట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి స్కౌట్. వచ్చే ఆదివారం ఏ జట్టుతో ఆడాలో ఆ జట్టు ఫిల్మ్ అంతా ముందే చూసి, వాళ్ళ బలమేమిటో, ఎక్కడ కొడితే పడతారో కాగితం మీద పెట్టడం అతని పని. ఇరవై ఆరేళ్ళుగా రోజూ తెల్లవారుజామున చీకటి గదిలో కూర్చుని అదే చేశాడు. ఆరూ పదికి సామాన్ల గది మనిషి కాఫీ కోసం అటుగా వెళుతూ, ఫిల్మ్ గదిలో నేల మీద పడి ఉన్న అతన్ని చూశాడు.

నేను వెళ్ళేసరికి ఏడూ నలభై అయింది. నా పేరు రేమొనా కోవాల్, నగర పోలీసుల్లో హత్యకేసులు చూస్తాను. ఆ భవనం నాకు కొత్త కాదు. మా ఆయన స్టాన్ ఇదే జట్టులో ముందు వరసలో నిలబడి తొమ్మిదేళ్ళు ఎదుటివాళ్ళని తలతో ఢీకొట్టాడు. ఇప్పుడు రోజూ పొద్దున లేవగానే నా పేరు అతనికి నేనే చెప్పాలి. అందుచేత ఆ గుమ్మం దాటేటప్పుడు నా మనసు శుభ్రంగా ఉండదు. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది.

ఫిల్మ్ గది గుమ్మంలో గారెట్ లూమిస్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆరేళ్ళు నా పక్కన పనిచేసిన పోలీసు. ఇప్పుడు జట్టు భద్రత మొత్తం అతని చేతిలో ఉంది.

"నిన్నెందుకు పంపారు రేమీ? ఇది నీ స్థాయి కేసు కాదు. గుండె జబ్బు మనిషి. కళ్ళు తిరిగాయి, మెట్ల మీద నుంచి పడ్డాడు, బల్ల మూల తలకి తగిలింది. అంతే."

"అంతే అయితే గుమ్మానికి అడ్డంగా ఎందుకు నిలబడ్డావు?"

"గౌరవం కోసం."

"చచ్చినవాళ్ళ మీద నీకు గౌరవమా? పక్కకి జరుగు."

జరిగాడు గానీ మొహం మాడ్చుకున్నాడు.

గది ఐదు వరసల కుర్చీలతో మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంది. అన్నిటికంటే అడుగున తెర, దాని ముందు కోచ్ నిలబడి మాట్లాడే ఇనుప బల్ల. ఎమ్మెట్ ఆ బల్ల కాళ్ళ దగ్గర పడి ఉన్నాడు. పైన నాలుగో వరసలో, కుడి చివర, అతను ఎప్పుడూ కూర్చునే డెస్కు. డెస్కు మీద మూత తీయని కాఫీ ఫ్లాస్కు, రెండు పెన్సిళ్ళు, వచ్చే ఆదివారం ఆడబోయే ఓమహా డ్రోవర్స్ జట్టు మీద రాసిన రిపోర్టు ఉన్నాయి. వాటి పక్కన రిమోట్‌ని డెస్కు అంచుకి సరిగ్గా ఆనించి పెట్టారు.

"తెర ఎవరు ఆపారు?"

"నేనే. చనిపోయిన మనిషి మీద వెలుగు పడుతుంటే చూడలేకపోయాను."

"ఆరేళ్ళు నాతో తిరిగావు గారెట్. దేన్నీ ముట్టుకోకూడదని ఒక్కరోజు కూడా నేర్చుకోలేదా?"

"నేర్పింది నువ్వే కదా, అందుకే రాలేదు."

అతని మాటలు పట్టించుకోకుండా కుర్చీలన్నీ ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళాను. రెండో వరసలో ఎడమ చివర కుర్చీ దగ్గర ఆగాను. అక్కడ కూర్చుంటే తెర ఏటవాలుగా కనిపిస్తుంది. గదిలో అరవై కుర్చీలు ఖాళీగా ఉంటే ఎవరూ ఏరి కోరి అందులో కూర్చోరు. కానీ దాని వీపు గుడ్డ పైభాగం, సరిగ్గా మెడ ఆనే చోట, అరచేయంత మేర చల్లగా తడిగా ఉంది. ముక్కు దగ్గరపెట్టి చూశాను. నొప్పులకి రాసుకునే మందు వాసన. తొమ్మిదేళ్ళు నా దుప్పట్లన్నీ ఆ వాసనే కొట్టాయి, నేను పొరబడే వాసన కాదు.

"శుభ్రం చేసేవాళ్ళు తడిగుడ్డ పెట్టి ఉంటారు" అన్నాడు లూమిస్.

"వాళ్ళు మంగళవారం ఎన్నింటికి వస్తారు?"

"తొమ్మిదికి."

"మరి ఆటగాళ్ళు?"

"మంగళవారం వాళ్ళకి సెలవు. పెద్ద గేటు దగ్గర ఒక్క ఆటగాడి కార్డు కూడా పడలేదు. అర్ధరాత్రి నుంచి ఆరింటి దాకా భవనంలో ఉన్నది ఎమ్మెట్, నేను, కోచ్ ఆస్ట్రాండర్. ఆయన వారానికి నాలుగు రాత్రులు ఆఫీసు సోఫా మీదే పడుకుంటాడు. ఇందులో వింతేం లేదు."

ఎమ్మెట్ కోటు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. లోపలి జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. గంటన్నర నుంచి ఆ తలుపు దగ్గరే కాపలా ఉన్న లూమిస్ దాన్ని చూడగానే మెడ ముందుకి చాచాడు.

ఎమ్మెట్ రాసే రిపోర్టులన్నీ ఒకే అచ్చు. పైన ప్రత్యర్థి పేరు, కింద బలం, దాని కింద బలహీనత, అట్టడుగున 'ఎలా కొట్టాలి' అని ఒకే ఒక్క వాక్యం. ఆటగాళ్ళు మిగతాదంతా చదివినా చదవకపోయినా ఆ ఆఖరి వాక్యం మాత్రం కంఠతా పట్టేవాళ్ళు. ఈ కాగితం మీద ప్రత్యర్థి పేరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. రాసింది ఒక్క మనిషి గురించే, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ గురించి.

'బలం: ఓర్పు. చెయ్యి ఇప్పటికీ ఇనుమే. బలహీనత: ఎడమవైపుకి తల తిరగడం లేదు. అటు చూడాల్సి వస్తే ముందు ఎడమ పాదం వెనక్కి వేసి, భుజాలతో సహా తిరుగుతున్నాడు. గత మూడు మ్యాచ్‌ల్లో ఎడమవైపు విసిరినవి ఆరే. ఇది మెడ. ఇంకొక్క దెబ్బ గట్టిగా పడితే లేవడు. ఎలా కొట్టాలి: ఎడమ నుంచి.'

దాని కింద ఇంకో వాక్యం ఉంది. ఎమ్మెట్ రిపోర్టుల్లో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు.

'ఎలా కాపాడాలి: ఆదివారం ఆడనివ్వకూడదు.'

ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడమని ఏ స్కౌటూ రాయడు.

ఫిల్మ్ విభాగం చూసే నొరీన్ టఫోయాని పిలిపించాను. ముప్పయ్యేళ్ళ అమ్మాయి, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. ఎమ్మెట్ చూసిన ఫిల్మ్ ఎన్నింటికి ఆడిందో, ఎన్నింటికి ఆగిందో యంత్రంలో ఉంటుందా అని అడిగాను.

"ఉంటుంది మేడమ్. రిమోట్ నొక్కిన ప్రతిసారీ టైము పడుతుంది." ల్యాప్‌టాప్ మోకాళ్ళ మీద పెట్టుకుని చదివింది. "నాలుగూ యాభై రెండుకి మొదలుపెట్టారు. మ్యాచ్‌లో ముప్పై ఎనిమిదో ఆట, ఆ కొన్ని సెకన్ల ముక్క ఒక్కటే, పదకొండుసార్లు చూశారు. ఐదూ పద్నాలుగుకి మధ్యలో ఆపారు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఐదూ ఇరవయ్యారుకి ఒకసారి వెనక్కి తిప్పారు, మొదటికి. అంతే, మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు."

"ఐదూ ఇరవయ్యారా? సరిగ్గా చూసి చెప్పమ్మా."

"చూసే చెబుతున్నాను."

లూమిస్ వైపు తిరిగాను. "ఛాతీ మీది యంత్రం ప్రకారం గుండె ఐదూ ఇరవై ఒకటికి ఆగింది. ఐదు నిమిషాల తర్వాత ఎమ్మెట్ లేచి, మెట్లెక్కి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, రిమోట్ అందంగా సర్ది, మళ్ళీ కిందికి దిగి పడుకున్నాడంటావా?"

"యంత్రాల గడియారాలు తేడా కొడతాయి."

"కొట్టవు. రెండూ ఇంటర్నెట్ టైమే తీసుకుంటాయి" అంది నొరీన్ మెల్లగా. ఆ అమ్మాయిని అప్పుడే ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఈ గదికి ఒక మర్యాద ఉంది. ఫిల్మ్ చూసి లేచేవాడు దాన్ని ఆట మొదలవకముందు బొమ్మ దగ్గరికి తిప్పి వెళ్ళాలి, తర్వాత వచ్చేవాడికి వెతుకులాట లేకుండా. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది తిట్టి నేర్పిస్తారు. నాలుగేళ్ళు గడిచేసరికి వేలు దానంతట అదే నొక్కుతుంది. స్టాన్‌కి నా పేరు గుర్తుండదు గానీ, ఇంట్లో టీవీ ఆపే ముందు ఇప్పటికీ వెనక్కి తిప్పే బటన్ కోసం తడుముతాడు. ఒక మనిషిని చంపి, వెళ్ళిపోతూ అలవాటుగా ఫిల్మ్ సర్దిన వాడు దొంగ కాదు, బయటివాడు కాదు. ఈ గదిలో ఏళ్ళ తరబడి కూర్చున్నవాడు.

"ఇంకొక్కటి నొరీన్. ఆ ముప్పై ఎనిమిదో ఆట ఓమహా వాళ్ళదేనా?"

నొరీన్ తల అడ్డంగా ఊపింది. "కాదు మేడమ్. మనదే. మొన్న ఆదివారం మనం ఆడింది."

సొంత జట్టుని ప్రత్యర్థిలా చూసి తప్పులు రాసుకోవడం వీళ్ళకి కొత్త కాదు, కానీ అది మ్యాచ్ లేని వారంలో ఒకసారి చేస్తారు. ఇది ఆ వారం కాదు. మన క్వార్టర్‌బ్యాక్ కోల్బీ రెనార్డ్. ముప్పై మూడేళ్ళు. కాన్సస్‌లో ఎవరూ పేరు వినని కాలేజీ నుంచి పదకొండేళ్ళ కిందట అతన్ని వెతికి తెచ్చింది ఎమ్మెట్టే. ఆ సంగతి నగరంలో పాలు పోసేవాడికి కూడా తెలుసు.

డెస్కు మీద ఉన్న ఓమహా రిపోర్టు తీసి రెండో కాగితం పక్కన పెట్టాను. ఓమహా బలం అన్న చోట మొదటి పేరు తొంభై ఏడో నంబరు వాడిది. క్వార్టర్‌బ్యాక్ ఎడమవైపు నుంచి దూసుకొస్తాడు. ఈ సీజన్‌లో ముగ్గుర్ని స్ట్రెచర్ ఎక్కించాడు. ఒక కాగితం మీద బలం, ఇంకో కాగితం మీద బలహీనత. ఐదు రోజుల్లో ఆ రెండూ మైదానంలో ఎదురుపడతాయి.

పది గంటలకి కోచ్ క్రెగ్ ఆస్ట్రాండర్ గదిలో కూర్చున్నాను. జట్టు ఎలా దాడి చేయాలో నిర్ణయించేది ఆయనే. సోఫా మీద నలిగిన దుప్పటి, గదినిండా నొప్పుల మందు వాసన. పాత మోకాలి దెబ్బ అట. లూమిస్ నా వెనకే వచ్చి గోడకి ఆనుకున్నాడు.

"ఈ కాగితం ఎప్పుడు చూశారు?"

చూడగానే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఓమహా వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ గురించి కదా. చూడలేదు. ఇవాళ ఇచ్చేవాడేమో."

"ఓమహా వాడిని ఎలా కాపాడాలో కూడా రాశాడు. మీ స్కౌట్లు అంత మంచివాళ్ళని తెలీదు."

"ఆయన పాపం ముసలాయన, ఏదో..."

"అరవై రెండేళ్ళకే ముసలాయనా? మీకెన్ని?"

"డిటెక్టివ్ గారూ, మీకు ఆట గురించి తెలియక..."

"మా ఆయన ఇదే మైదానంలో తల పగలగొట్టుకున్నాడు. మీరు అప్పుడు చిన్న కోచ్, నీళ్ళసీసాలు అందించేవారు. నాకు ఆట తెలుసు. నాకు తెలియనిది ఒక్కటే, ఎమ్మెట్ ఈ కాగితం మీకు ఎప్పుడు చూపించాడన్నది."

"రేమీ, ఇక చాలు" అన్నాడు లూమిస్. "యజమాని మీ పైవాళ్ళతో మాట్లాడుతున్నాడు. ఒంటిగంట దాటితే నువ్వీ భవనంలో ఉండవు."

"అయితే ఒంటిగంట దాకా నువ్వు నోరు మూసుకో."

ఆస్ట్రాండర్ చేతులతో మొహం రుద్దుకున్నాడు. "నిన్న సాయంత్రం ఆరింటికి. ఇక్కడే, మీరు కూర్చున్న కుర్చీలోనే. కోల్బీకి మెడ బాలేదని రెండు వారాలుగా నాకు తెలుసు. మాకు ఇంకా ఐదు మ్యాచ్‌లు ఉన్నాయి. వెనకున్న కుర్రాడికి బంతి పట్టుకోవడమే సరిగ్గా రాదు. ఆదివారం ఒక్కటీ గడవనీ ఎమ్మెట్ అని బతిమాలాను."

"ఏమన్నాడు?"

"'నేను చూస్తే ఓమహా వాడూ చూస్తాడు, వాడికీ నాకున్న కళ్ళే' అన్నాడు. పొద్దున ఏడింటికి పెద్ద కోచ్ దగ్గరికీ డాక్టర్ల దగ్గరికీ వెళతానన్నాడు. అంతే."

"ఆ మాట ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు."

"ఐదింటికి ఎక్కడున్నారు?"

"నిద్రపోతున్నాను. ఇక్కడే."

"చూసినవాళ్ళు?"

సోఫా మీది దుప్పటిని చూపించాడు.

మనిషి ఉన్నాడు, కారణం ఉంది, వాసన కూడా ఉంది. బేడీలు వేయొచ్చు. కానీ ఈలోగా ఒక పని మిగిలింది. కోల్బీ రెనార్డ్‌కి ఈ కాగితం చూపించాలి. ఎమ్మెట్ చెప్పలేకపోయిన మాట నేనైనా చెప్పాలి, ఆదివారం ఆడొద్దని. నిజం చెబుతున్నాను, ఆ పొద్దున నాకు హంతకుడి కంటే ఆ మెడే ముఖ్యమనిపించింది. స్టాన్‌కి ఆ మాట చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.

పదకొండింటికి రెనార్డ్ ఫిల్మ్ గదిలోకి వచ్చాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, కళ్ళ కింద నల్లగా ఉంది. శవాన్ని అప్పటికే తీసుకెళ్ళారు. నేను డెస్కు దగ్గర నిలబడి, తెర మళ్ళీ వేయించాను. యంత్రం ఐదూ ఇరవయ్యారుకి ఎక్కడ ఆగిందో అక్కడే వెలిగింది.

"రేమొనా గారూ, పెద్ద స్టాన్ ఎలా ఉన్నాడు?"

"ఉన్నాడు. కూర్చో కోల్బీ. ఎక్కడైనా సరే."

అతను మెట్లు దిగాడు. అరవై కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మధ్య వరసలు దాటాడు. రెండో వరసలో, ఎడమ చివరికి వెళ్ళి, మెడ వెనక్కి ఆనించి కూర్చున్నాడు. అక్కడి నుంచి తెర, డెస్కు, నేను, అన్నీ అతనికి కుడివైపే. తల ఎడమకి తిప్పాల్సిన అవసరమే లేదు.

తడి గుడ్డ కాదది. మెడ మీద మంచు సంచి పెట్టుకుని ఒక మనిషి అక్కడ కూర్చున్నాడు. మంచు కరిగింది.

దేవుడా, వీడు కాకూడదు అనుకున్నాను. కాళ్ళు మాత్రం మెట్లు దిగుతున్నాయి. రిమోట్ అతని చేతిలో పెట్టాను.

"ముప్పై ఎనిమిదో ఆటట. ఎమ్మెట్ పదకొండుసార్లు చూశాడు. అందులో ఏముందో నాకు చెప్పు."

బటన్ నొక్కాడు. తెర మీద అతనే, ఎర్ర చొక్కాలో. ఎడమ పాదం వెనక్కి పడింది, భుజాలు తిరిగాయి, అటు నుంచి ఎవడో వచ్చి పడ్డాడు. తొమ్మిది సెకన్లు. ఫిల్మ్‌కి శబ్దం ఉండదు. పడినవాడు లేవడానికి చాలాసేపు పట్టింది.

"ఏముంది, మామూలు ఆటే" అన్నాడు.

అంటూనే, చూడకుండా, బొటనవేలితో వెనక్కి తిప్పాడు. తెర మొదటికి వెళ్ళి ఆగింది. రిమోట్‌ని కుర్చీ చేయి అంచుకి సరిగ్గా ఆనించి పెట్టాడు.

నేను అతని ఎడమవైపుకి వెళ్ళి నిలబడ్డాను. "కోల్బీ" అన్నాను.

భుజాలతో సహా తిరిగాడు.

"పెద్ద గేటు దగ్గర నీ కార్డు పడలేదు. ఎలా వచ్చావు?"

అతని కళ్ళు నా చేతిలోని కాగితం మీద పడ్డాయి. ఇంక దాచడానికి ప్రయత్నించలేదు. అలసిపోయినవాడిలా ఊపిరి వదిలాడు.

"చికిత్స గది వెనక తలుపు నుంచి. రెండు వారాలుగా నాలుగున్నరకి వస్తున్నాను. మంచు పెట్టుకుని, ఎవరూ రాకముందే వెళ్ళిపోతాను. తాళం లూమిస్ ఇచ్చాడు."

గుమ్మం వైపు చూశాను. లూమిస్ అక్కడ నిలబడి ఉన్నాడు. కోల్బీ బొమ్మ ఉన్న తెర అతను ఎందుకు ఆపాడో, పొద్దుటి నుంచి గుమ్మం ఎందుకు వదల్లేదో నాకిప్పుడు అర్థమైంది.

"నోరు మూసుకో కోల్బీ" అన్నాడు లూమిస్. "లాయరు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడకు."

రెనార్డ్ వినిపించుకోలేదు. "ఆస్ట్రాండర్ నిన్న రాత్రి ఫోన్ చేశాడు. ఎమ్మెట్ పొద్దునే వెళ్ళి చెప్పేస్తాడు, నీ మాటైతే వింటాడు, నువ్వెళ్ళి మాట్లాడు అని. వచ్చాను. నన్ను కూర్చోబెట్టి, కాలేజీలో చూపించినట్టే చూపించాడు. 'చూడరా, నీ పాదం చూడు, నీ పాదం చూడు' అని. ఈ ఒక్క ఆదివారం వదిలెయ్ అన్నాను. కిందికి దిగొచ్చి నా మెడ మీద చెయ్యి వేశాడు. 'నిన్ను తెచ్చింది నేను, తీసుకెళ్ళేదీ నేనే' అన్నాడు. తిరిగి వెళుతుంటే చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నాడు. నేను..." ఆగాడు. "తోశాను. గట్టిగా తోశాను. అబద్ధం ఎందుకు."

"తర్వాత ఐదు నిమిషాలు ఏం చేశావు?"

"ఆయన పక్కన కూర్చున్నాను. పేరు పెట్టి పిలుస్తాడేమోనని."

లూమిస్ గుమ్మంలో నుంచి ఒక అడుగు లోపలికి వేసి, వెనక తలుపు మూశాడు. గడియ పడిన చప్పుడు వినిపించింది. ఈ మాటల్ని గది దాటనివ్వడని అర్థమై, నా చెయ్యి నడుముకున్న తుపాకి మీదికి వెళ్ళింది.

రెనార్డ్ అదేమీ చూడలేదు. తలుపు అతనికి ఎడమవైపు ఉంది. అతను నన్నే చూస్తున్నాడు, పదకొండేళ్ళ కిందట కాన్సస్ నుంచి వచ్చిన కుర్రాడిలా.

"ఒక్కటి చెప్పండి. ఆయన కాగితం ఎవరికీ ఇవ్వలేదు కదా. అయితే ఓమహా వాళ్ళకి ఇంకా తెలియదు కదా?"

జట్లన్నీ ఆట అయిన రాత్రే ఒకళ్ళ ఫిల్మ్ ఒకళ్ళకి పంపుకుంటాయి. ఆ సంగతి నాకంటే అతనికే బాగా తెలుసు. ఈపాటికి ఓమహాలో ఇలాంటి గదిలోనే ఇంకో ఎమ్మెట్ కూర్చుని, ఇదే తొమ్మిది సెకన్లు తిప్పి తిప్పి చూసి ఉంటాడు. వాడి కాగితం మీద 'ఎలా కాపాడాలి' అన్న వాక్యం ఉండదు.

చెయ్యి తుపాకి మీద నుంచి తీయకుండా తల పైకెత్తాను. తెర మీద ఆట మొదలవకముందటి బొమ్మ ఆగి ఉంది. ఇటు పదకొండు మంది, అటు పదకొండు మంది, ఇంకా ఎవరికీ ఏమీ కాలేదు.